వెనకాల అడుగులు

"పాట ఆపయ్యా! ఎవురో మన వెంటబడినారు," అంది రవణమ్మ, వాయిస్తున్న గుమ్మెటను ఆపి గుండెకు అదుముకుంటూ.

పెంచలయ్య తంబుర తీగలను అరచేత్తో నొక్కేశాడు. కొత్తగా పాట నేర్చిన ఆ మొగుడూ పెళ్లాలు ఆత్మకూరు నుంచి ఉదయగిరికి తొలిసారి పాడడానికి వెళ్తున్నారు. కరువు రోజులు. గుప్పెడు రాగుల కోసం ఆ దారిలో దొంగలు ప్రాణాలు తీస్తున్నారు.

ఇద్దరూ ఆగగానే వెనకాల అడుగులూ ఆగాయి.

పెంచలయ్య భుజాన ఉన్న రాగుల మూటను దారి మధ్యలో పెట్టాడు. "తీసుకుపోండి! మమ్మల్ని ఏమీ చేయబాకండి!" అని అరిచాడు.

మసక చీకట్లోంచి ఒక ముసలామె వచ్చింది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉన్నారు.

"పాట ఎందుకు ఆపినారు నాయనా? ముందర మనుషులు ఉండారనే ధైర్యంతోనే నడుస్తా ఉండాం. పాట ఆగేసరికి మిమ్మల్ని ఎవురో చంపేసినారనుకున్నాం."

పెంచలయ్య మూటను మళ్లీ భుజానికెత్తుకున్నాడు. రవణమ్మ పిల్లలను దగ్గరకు తీసుకుంది. "మాతోనే నడవండి అవ్వా. ఇంక భయం లేదు."

"ఉండాది తల్లీ." ముసలామె గొంతు తగ్గించింది. "మా వెనకాల కూడా ఎవురో వస్తా ఉండారు."

అందరూ చెవులు రిక్కించారు. దూరంగా అడుగుల చప్పుడు వినిపించింది. అంతలో అదీ ఆగిపోయింది.

రవణమ్మ గుమ్మెట మోగించింది.

"గట్టిగా పాట ఎత్తుకోవయ్యా," అంది. "వాళ్లకీ వినబడాల."