తొమ్మిది కత్తిరింపులు

"ఆపండి!"

పెద్దాయన కేకకు ప్రివ్యూ గదిలో దీపాలు వెలిగాయి. తెర మీద పడవలో ఉండే పిల్ల ఒకతె తన మాస్టారి చేతిగడియారాన్ని నీళ్ళలోకి గిరవాటేసి, పకపకా నవ్వుతూ అలాగే నిలిచిపోయింది.

"ఈ దృశ్యాన్ని నేను తీసేయించాను. నలభై రెండేళ్ళ క్రితం, సెన్సారు అధికారిగా, స్వహస్తాలతో సంతకం చేసి మరీ తీసేయించాను. ఎవరి అనుమతితో చూపిస్తున్నారు?"

పాత ఫిల్ములు బాగుచేసే ల్యాబు అమ్మాయి లేచి నిలబడింది. "సార్, అది ఎలా జరిగిందంటే..."

"సంజాయిషీలు తరువాత. మిగతాది వేయండి."

బొమ్మ కదిలింది. కథ ఆయనకు కంఠతా వచ్చు. ఆ పిల్ల పడవలోనే కాపురముంటుంది. ఎవరి మాటా వినదు. ఆమెను దారిలో పెడతానంటూ పరదేశం నుంచి ఒక మాస్టారు వస్తాడు. చివరికి తానే దారి తప్పుతాడు.

ఇప్పుడామె చెప్పుల్లేని కాళ్ళతో భోజనాల బల్ల ఎక్కి ఆడుతున్నది. ఆయన తీసేయించినదే. ఆ వెంటనే మాస్టారు కోటు విసిరేసి వానలో గంతులు వేశాడు. అదీ తీసేయించినదే!

పక్క కుర్చీలో ఆయన భార్య కిసుక్కున నవ్వింది.

"నవ్వడానికేముంది ఇందులో?"

"నవ్వొచ్చింది, నవ్వాను. దీనికీ మీ సర్టిఫికెట్టు కావాలా?"

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మాయి వైపు తిరిగాడు.

"క్రమశిక్షణ మీద మాస్టారి ఉపన్యాసమేదీ? మర్యాదస్తులు చూడదగిన సన్నివేశం ఒక్కటైనా ఉంచారా? రేపు ఊరంతా వచ్చి చూస్తుంది. మొదట చూపే సర్టిఫికెట్టు మీద నా పేరుంటుంది. ఇంత చెత్తకు సంతకం పెట్టిన ఘనుడెవరని నా ముఖాన ఉమ్మరూ?"

"ఒక్క మాట వినండి సార్..."

"వినను! ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నా మీద మచ్చ లేదు. నేను కత్తిరించిన తొమ్మిది ముక్కలూ ఈ సాయంత్రంలోగా తొలగించండి. లేదా పొద్దున్నే కోర్టులో కలుద్దాం."

"అబ్బబ్బ, ఆ పిల్లను కాస్త నోరు విప్పనివ్వండీ," అంది భార్య.

"విప్పమను. నేనేమైనా కుట్టేశానా?"

అమ్మాయి గొంతు సవరించుకుంది.

"అవి తీసేస్తే రేపు తెర మీద ఏమీ ఉండదు సార్, నెగెటివుతో సహా సినిమా అంతా ఎప్పుడో కుళ్ళిపోయింది, మీరు కత్తిరించి, నంబర్లు వేసి, మీ ఆఫీసు బీరువాలో భద్రంగా దాచిన ఈ తొమ్మిది ముక్కలే మిగిలాయి."