నల్లదా, వెండి రంగుదా?

"ఈ నల్లది కొంటే రేపు మైకు ముందు కూడా మీరే నిలబడండి" అని ఆవిడ తేల్చేసింది.

"ఆ వెండి రంగుది కొంటే వాయించడానికి కూడా నువ్వే కూర్చో" అన్నాడాయన.

వాయిద్యాల దుకాణంలో పొద్దుటి నుంచీ ఇదే వరస. మొగుడు కీబోర్డు వాయిస్తాడు, పెళ్ళాం పాడుతుంది. ఆ ఇద్దరే ఒక ఆర్కెస్ట్రా. డ్రమ్ములు, గిటారు, వయొలిన్లు అన్నిటి పనీ కీబోర్డే చూసుకుంటుంది. ఇంత చాకిరీ చేసిన పాత కీబోర్డు నిన్న రిహార్సల్ మధ్యలో నోరు మూసుకుంది, మళ్ళీ తెరవలేదు. రేపు సాయంత్రం ప్రోగ్రాం. ఇవాళ కొత్తది ఇంటికి చేరకపోతే ఆ స్టేజీ ఇంకెవరికో పోతుంది.

దుకాణదారు ఇద్దరికీ వీరాభిమాని. ఆ రోజుల్లో పిన్నిగారు గొంతెత్తితే పక్క వీధిలో కుక్కర్లు ఈల వేయడం ఆపుకుని వినేవని చెబుతాడు. బాబాయిగారి వేళ్ళు లేపిన గాలికి ముందు వరుసలో వాళ్ళు స్వెట్టర్లు తొడుక్కునేవారని కూడా అంటాడు. కుక్కర్ల సంగతి నిజమే కావచ్చు. స్వెట్టర్ల దగ్గర కాస్త కలిపాడు.

అతను ఓపిగ్గా రెండు కీబోర్డుల గుణగణాలూ చెప్పుకొచ్చాడు. నల్లదాంట్లో మూడొందల రిథమ్‌లు, తేలిక, చంకలో పెట్టుకుని బస్సెక్కేయొచ్చు. వెండిదాంట్లో ఎనిమిది వందలు. పాట మధ్యలో రిథమ్ మార్చినా తొట్రుపడదు, తెర చూస్తే చిన్న టీవీ అంత. కళ్ళున్నవాడెవడైనా వెండిదే తీసుకుంటాడన్నాడు.

"నాకు లేవనుకో" అన్నాడాయన.

చివరికి రెండూ వాయించి చూద్దామన్నారు. ముందు నల్లది. ఆయన ఏవో మీటలు నొక్కి, కళ్ళు మూసుకుని ఒక హుషారు పాట ఎత్తుకున్నాడు. ఆవిడ అలవాటు ప్రకారం ఎడమ పక్కన నిలబడి పాడింది. గొంతు నూనె రాసినట్టు సాగిపోయింది. చరణం దగ్గర ఆయన వేళ్ళే రెండు చోట్ల తడబడ్డాయి. మెట్లు కొత్తవి కదా, చేతికి అలవాటు పడాలన్నాడు. ఆవిడ మాత్రం ఇది వట్టి డొక్కుదని, డ్రమ్ములు రేకు డబ్బాల్లా మోగుతున్నాయని అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

తర్వాత వెండిది. అదే పాట. ఆవిడ ఒక చెయ్యి కీబోర్డు అంచు మీద వేసుకుని పాడింది. ఈసారి ఆయన వేళ్ళు ఎక్కడా తొణకలేదు. కానీ పై స్వరం దగ్గర ఆవిడ గొంతు పట్టేసింది. దగ్గింది. ఆయన వాయించడం ఆపేశాడు.

"చెప్పానా, ఇది నీ గొంతుకి పడదు. నల్లదే కట్టించేద్దాం."

"గొంతులో దుమ్ము పడిందండీ. అంతమాత్రానికి నన్ను ఇంట్లో కూర్చోబెట్టకండి. నాకిదే కావాలి" అని ఆవిడ మంచినీళ్ళ కోసం దుకాణం లోపలికి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఆయన దుకాణదారు చెయ్యి పట్టుకుని మూలకి లాక్కెళ్ళి గుట్టు విప్పాడు. వయసుతో పాటు ఆవిడ గొంతు దిగుతోంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఆరేళ్ళుగా ఆయనే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతి ఒక్కొక్క మెట్టే దించుకొస్తున్నాడు. అది నొక్కితే వేళ్ళు పాత మెట్ల మీదే తిరుగుతాయి, శ్రుతి మాత్రం చల్లగా కిందికి దిగుతుంది. ఇప్పటికి మూడు మెట్లు దించాడు. పాతదాని తెర ఎప్పుడో చచ్చిపోయింది కనుక గండం గడిచింది. నల్లదాంట్లో ఎన్ని మెట్లు దించిందీ చూపే అంకె లోపలెక్కడో దాక్కుని ఉంటుంది. వెండిదాంట్లోనో, మైనస్ మూడు అని పై మూలన ఎర్రగా వెలుగుతుంది. ఇందాక ఆవిడ ముందు అది నొక్కే ధైర్యం లేకే అసలు శ్రుతిలో వాయించాడు.

"శ్రుతి అందని రోజున మైకు దించేస్తానని ఒట్టు పెట్టుకుందిరా. అది పాడకపోతే నేనెవరికి వాయించాలి?"

దుకాణదారు కాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత నల్ల స్టిక్కరు ముక్క ఒకటి కత్తిరించి, తెర మీద సరిగ్గా ఆ అంకె పడే చోట అతికించాడు. అక్కడ గీత పడిందని చెబుదామని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి ఆయన ఓడిపోయిన మొహం పెట్టుకుని, సరే, నీ మాటే కానీ అని, ఆటో పిలవడానికి వీధిలోకి వెళ్ళాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఇంత సులువుగా ఓడిపోవడం ఆవిడ ఎరగదు. వంగి కీబోర్డంతా పరకాయించి చూసింది. స్టిక్కరు మీద గోటితో గీకింది. తెర మీద చిన్న గీత పడిందని, అందుకే అంటించానని దుకాణదారు గబగబా చెప్పాడు.

ఆవిడ తలూపింది. వీధి వైపు ఒకసారి చూసి, తెర రెండో మూల మీద వేలు పెట్టింది. అక్కడ పాట వేగం చూపించే అంకె ఉంది.

"ఇక్కడా గీత పడింది బాబూ. ఇంకో ముక్క అంటించు."

అక్కడ గీతేమీ లేదే పిన్నిగారూ, అన్నాడతను అయోమయంగా.

"అంటించవయ్యా. నల్లదాంట్లో వేగం మీట ఆయన కుడి చేతి కిందుంది, నాకందదు. దీంట్లో ఎడమ చివరే ఉంది" అని ఆవిడ గొంతు తగ్గించింది. "వేళ్ళు బిగుసుకుపోతున్నాయని తెలిస్తే ఆ మనిషి ఇక కీబోర్డు ముట్టడు. పాట ఎత్తుకోగానే కళ్ళు మూసుకుంటాడు చూడు, నాలుగేళ్ళుగా అప్పుడు వేగం తగ్గించేది నేనే."