లోపలికి వచ్చిందెవరు?

గోడ మీద పప్పుచారు మరక ఇంకా పోలేదు.

శబరి నది ఒడ్డున కొంటాలో ఉప్పు కొట్టు నడిపే కాశీవిశ్వనాథం పోయిన వారం అన్నం తింటూ తింటూ కంచం విసిరాడు. చారులో ఉప్పు తక్కువైందట. ఉప్పు వర్తకుడి ఇంట్లో, చూడండి మరి!

కంచం భార్య చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది.

జ్ఞానప్రసూన ఏడవలేదు. కంచం తీసి, కడిగి, బోర్లించింది.

"మీ గొంతు ఇంకొక్కసారి లేచిందా, శబరి దాటి మా తల్లిగారింటికి పోత. మళ్ళ రాను," అంది.

ఆ తర్వాత ఆయనతో ఒక్క మాట లేదు. బట్టలు మూటగట్టి తలుపు వెనక పెట్టుకుంది.

విశ్వనాథం వస్తూ పోతూ ఆ మూట వైపే చూసుకునేవాడు. పెళ్ళాం అన్నంత పనీ చేసే మనిషి. ఆమె లేని ఇల్లు ఆయన ఊహకే అందలేదు.

కానీ కోపం చెప్పి వస్తుందా?

భద్రాచలం పోతూ అరుగు మీద ఆగిన సాధువును పట్టుకుని గోడు వెళ్ళబోసుకున్నాడు.

"వచ్చాక ఆపలేవు నాయనా. వస్తుండగా చూడు. నీ పేరు నువ్వే పిలుచుకుని, ఇదిగో వస్తోంది అని చెప్పుకో. మనసులోనే సుమా," అన్నాడు సాధువు.

మనసులోనట! పాపం, ఆయనకేం తెలుసు. మనసులో అనుకోవడం విశ్వనాథానికి పుట్టి బుద్ధెరిగి అలవాటు లేదు. ఏదైనా సరే, వీధి చివరికి వినపడాల్సిందే.

అందుకని పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. స్నానం చేస్తూ, తక్కెడ తుడుస్తూ, కుక్కను అదిలిస్తూ.

చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉంటే ఆయనకే విడ్డూరం అనిపించింది. కోపం మొదట చెవుల్లో పుడుతోంది. తర్వాత దవడల్లోకి. ఇన్నేళ్ళూ తన ఒంట్లోనే తిరిగే దీని దారి తనకే తెలియదే!

అంగడి రోజు వచ్చింది.

బస్తరు రాజావారి రాజ్యంలో ఆ మూల పల్లెలన్నీ ఉప్పు కోసం కొంటాకే దిగుతాయి. అడవిలోని దోర్ల తెగ పల్లె నుంచి ముయె, ఆమెతో ఇంకొందరు ఆడవాళ్ళు చింతపండు గంపలు దించుకుని కొట్టు ముందు కూర్చున్నారు.

అప్పుడే రేవు నుంచి బస్తా మోసుకొస్తున్న కూలి ఇర్మా కాలు జారింది. బస్తా పిగిలి సగం ఉప్పు బురదపాలైంది.

జనం వెనక్కి జరిగారు. కొట్లోంచి ఇంట్లోకి పోయే తలుపు వెనక జ్ఞానప్రసూన గాజుల చప్పుడు ఆగిపోయింది.

విశ్వనాథం నోరు తెరిచాడు.

"ఒరే విశ్వనాథం! వస్తోందిరా. చెవులు వేడెక్కినయ్. దవడలు బిగిసినయ్. చూస్తున్నవా? ఇగో, గొంతులోకి వచ్చింది."

బురదలో కూర్చున్న ఇర్మా నోరు వెళ్ళబెట్టాడు.

ముయె చేతిలో చింతపండు కింద పెట్టింది. వాళ్ళ పల్లెలో మనిషి తన పేరు తనే పెట్టి పిలుచుకుంటే ఒకటే లెక్క. లోపలికి చనిపోయిన పెద్దలెవరో వచ్చారు. వచ్చినాయన్ని ఏం కావాలో అడక్కుండా లేచిపోవడం మర్యాద కాదు.

"సావుకారి మీదికి ఎవరో వచ్చిండ్రు," అంది.

ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. ముయె ఆకు దొప్పలో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది.

"ఎవరయ్యా నువ్వు? ఏం కావాలె నీకు?"

విశ్వనాథానికి ఒళ్ళు మండిపోయింది. తన కొట్లో కూర్చుని తననే తమాషా చేస్తారా!

"ఏంది ముయే, నన్ను..." గొంతు లేవబోయింది.

తలుపు వెనక మూట ఎత్తిన అలికిడి.

గతుక్కుమన్నాడు. "ఒరే విశ్వనాథం, పెద్దగా వస్తోందిరా..."

"అగో, మళ్ళ వచ్చిండు!" ముయె కళ్ళు మెరిశాయి. "చెప్పయ్యా పెద్దాయనా. ఏం కావాలని వచ్చినవ్? కోడా? ఇప్పసారా?"

విశ్వనాథం నీళ్ళ దొప్ప వైపు చూశాడు.

ఏం కావాలట?

వారంగా వస్తోంది వస్తోంది అనుకున్నాడే గానీ, దానికేం కావాలో అడగాలని తట్టనే లేదు. ఊహ తెలిసినప్పట్నుంచీ వచ్చిపోతోంది. ఒక్కనాడూ పలకరించిన పాపాన పోలేదు.

నిజంగానే తెలుసుకోవాలనిపించింది. కళ్ళు మూసుకున్నాడు.

"ఏం కావాల్రా నీకు?" అని అడిగాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా కొంటాలో ఎవరూ విని ఎరగరు.

ఆడవాళ్ళు మెడలు చాచారు.

"ఏమంటుండు?" ముయె గుసగుసగా అడిగింది.

"కోపం కాదంట," అన్నాడు, తన మాట తనకే నమ్మకం లేనట్టు. "భయమంట."

"భయమా! దేనికంట?"

విశ్వనాథం మళ్ళీ లోపల అడిగి చెప్పాడు.

"ఉప్పు పోతదని. బేరం పోతదని. మనిషి... మనిషి పోతదని. అరిస్తే అన్నీ ఉన్నకాడనే ఉంటయనుకున్నడంట."

"అయ్యో, పిచ్చి పెద్దాయన," అంది ముయె. "అరిస్తే ఎవరుంటరు?"

విశ్వనాథం కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

తలుపు తెరుచుకుంది.

సావుకారి ఇంటి ఇల్లాలు అంగడి వేళ కొట్లోకి రావడం ఏనాడూ లేదు. ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. జ్ఞానప్రసూన వాళ్ళ మధ్య మట్టి నేల మీద కూర్చుంది. మొగుడి వైపు చూడలేదు.

"లోపలాయన ఇంకా ఏమంటుండో అడుగు, ముయే," అంది.