తెల్లపొడి గిన్నె

పొద్దున నిండుగా పెట్టిన గిన్నె సాయంత్రానికి మళ్లీ ఖాళీ అయింది.

అడుగున ఒక్క రేణువు లేదు. తుడిచిపెట్టినట్టుంది.

వాచీలు బాగుచేసే ఆయన గాజుపెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. లోపల ఆడ గెకో, చిరుతపులి చర్మం తొడుక్కున్నట్టుండే పెంపుడు బల్లి, రాతిగూటిలో నిద్రపోతోంది. అసలది పగలు లేవదు. దాని తిండీ తిప్పలూ అన్నీ చీకటి పడ్డాకే. మరి పగటిపూట ఆ కాల్షియం పొడి నాకుతున్నదెవరు?

బల్లిని అరచేతిలోకి తీసుకున్నాడు. వెనక కాళ్లు వణికాయి. బొద్దుగా ఉండాల్సిన తోక చిక్కి తాడులా అయింది. తూచాడు. యాభై రెండు గ్రాములు. గోడకు గుండుసూదితో గుచ్చిన చీటీ మీద, పోయిన వారం అంకె కింద రాశాడు. నాలుగు నెలల కిందట మొదటిసారి తూచిన రోజు బల్ల మీద చేతికందిన కాగితం అది. అరవై ఎనిమిదితో మొదలైన వరస దిగుతూనే ఉంది.

పశువుల డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఏడాదిలో అయిదుసార్లు గుడ్లు పెట్టింది. ఎముకల్లో ఉన్నదంతా పెంకులకే పోసింది. ఇంకొక్కసారి మగదానితో కలిపారంటే దక్కదు. పొడి ఎప్పుడూ గిన్నెలో ఉండాలి."

పొడి డబ్బా పిల్లలు ఒలకబోస్తారని, ముందుగదిలోని దుకాణంలో సొరుగుకు తాళం వేసి ఉంచుతాడు. రోజూ పొద్దున తన చేత్తోనే గిన్నె నింపుతాడు.

"నువ్వు గానీ పారబోశావా?" అని భార్యనడిగాడు.

"నాకదే పనా? ఈ ఇద్దర్నీ మేపేసరికే తెల్లారిపోతోంది నా బతుకు." ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడింది. చంటిది చంకలో పాలకోసం పెనుగులాడుతోంది. రెండేళ్లవాడు కాళ్లకు చుట్టుకున్నాడు. "కాస్త జరగండి, కూర్చుంటాను. పిక్కలు పట్టేస్తున్నాయి."

"పొద్దస్తమానం నిలబడితే పట్టేయవూ?" అన్నాడు అటు చూడకుండానే. బల్లి దవడ నొక్కి చూస్తున్నాడు. మెత్తగా ఉంది.

వంటింట్లోంచి అతని తల్లి గొంతు వినిపించింది.

"ఒరేయ్, అది మీ అక్కరా."

అతని చూపు మూల గోడ మీదికి పోయింది.

అక్క కాన్పుకు పుట్టింటికొచ్చి ఈ గదిలోనే కన్నుమూసి పన్నెండేళ్లు. మూల గోడకి, కూర్చున్న మనిషి చెయ్యందే ఎత్తులో, గోటి గీతలు ఇంకా ఉన్నాయి. ఎన్ని పూతలు వేయించినా మళ్లీ పైకి తేలతాయి.

"గోడ సున్నం గీక్కుని తినేది నా బంగారం," ముసలామె గుమ్మంలోకి వచ్చింది. "పాడలవాటని చేతిమీద కొట్టాను. ఆశ తీరకుండా పోయింది. తెల్లగా కనబడేసరికి వచ్చింది."

"దెయ్యాలకు ఎముకలుండవే అమ్మా. కాల్షియం ఏం చేసుకుంటుంది?"

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆదివారం బావమరిది చిల్లుల డబ్బాలో మగ బల్లిని పెట్టుకుని దిగాడు.

"సీజను దాటిపోతోంది బావా. మచ్చల్లేని పసుపు పిల్లలు దీనికే పుడతాయి, మంచి ధరకు పోతాయి. ఒక్కసారి కలుపుదాం."

"ఎముకలు చూశావట్రా? రబ్బరు!"

"ఆడదన్నాక గుడ్లు పెట్టదా ఏంటి?"

"పెట్టడానికి లోపల ఏదైనా మిగలాలిగా! రెండేళ్లదాకా మగదాని నీడ కూడా పడనివ్వను. నోరులేని జీవి. నావల్ల కాదని అది చెప్పలేదు. మనమే తెలుసుకోవాలి."

పెరట్లో బట్టలారేస్తున్న అతని భార్య చెయ్యి తీగ మీదే ఆగింది. మొగుడికేసి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాడతను. డబ్బా మూత తెరవకుండానే బావమరిదిని పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయారు. ముసలామె కునుకు తీస్తోంది. దుకాణంలో అతను కంటికి భూతద్దం తగిలించుకుని ఒక వాచీ వెనక మూత విప్పుతున్నాడు. చుట్టూ టిక్కు టిక్కుమని ఇరవై వాచీలు. వాటి మధ్యలోంచి ఇంకో చప్పుడు అతని చెవిన పడింది.

గీకుతున్న చప్పుడు. వెనకగదిలోంచి.

ఆగింది. మళ్లీ మొదలైంది.

చేతిలోని స్క్రూ జారి ఎటో పోయింది. వెతకలేదు. చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్లాడు. "అక్కా" అన్న పిలుపు గొంతులోనే ఉండిపోయింది. తలుపు తోశాడు.

మూలన, ఆ గోటి గీతల కింద, ఒక ఆడమనిషి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పెదాల చుట్టూ తెల్లగా ఉంది. చూపుడువేలు గిన్నె అడుగును గీకుతోంది.

అతని భార్య.

"నువ్వా!" భయమంతా కోపమైపోయింది. "దాని నోటిదగ్గరది లాక్కు తింటావా? సిగ్గులేదూ? అది చచ్చిపోతే?"

ఆమె గిన్నె దాచలేదు. వేలు చివరిదాకా నాకి, గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

"మీ అక్కది పాడలవాటు కాదండీ," అంది. "నాకిప్పుడు తెలిసింది."

గుండుసూది పీకి, బల్లి బరువుల చీటీ అతని చేతిలో పెట్టింది. "ఇన్నాళ్లూ ఒకవైపే చూశారు."

కాగితం తిప్పాడు: మూడో బిడ్డ కడుపున పడి అప్పటికి మూడో నెల నడుస్తున్న అతని భార్యకు రోజుకు రెండు కాల్షియం మాత్రలు వాడమంటూ నాలుగు నెలల కిందట డాక్టరమ్మ రాసిచ్చిన, ఇంతవరకూ మందుల షాపు ముఖం చూడని చీటీ అది.