నిచ్చెన పట్టుకున్న బావ

"కళ్ళు తిరుగుతున్నాయా ఆడిటరమ్మా?" కింద నిచ్చెన పట్టుకున్న బావ నవ్వాడు. ఆ గోడౌన్ మేనేజరు ఆయనే.

సరుకు లెక్క చూడటానికి ఆమె ఒంటరిగా రావడం ఇదే మొదటిసారి. నిచ్చెన మీద కాళ్ళు వణుకుతున్నాయి.

"బావా, ఈ పెట్టెలో ఏమీ లేదు. పక్కదాంట్లోనూ లేదు."

"నిండుగా ఉన్నాయని రాసేసి దిగు మరదలా."

"మా సీనియర్‌కి చెప్పేస్తాను. మీరు మా అక్క భర్త అని కూడా చెబుతాను. ఈ పని ఇంకెవరికైనా ఇస్తారు."

"ఆయనకు తెలుసమ్మా. నిన్ను తీసుకోమని అడిగింది మా ఓనరే. ఇంటర్వ్యూ ఇరగదీశానని అక్క దగ్గర గంతులేశావే, అప్పటికే అంతా ఖాయమైపోయింది."

"రాయకపోతే?"

"ఈ లైన్లో నీకు ఇంకెవరూ పనివ్వరు." బావ ఈసారి నవ్వలేదు.

ఆమె ఇనుప అరను రెండు చేతులా పట్టుకుంది. కాళ్ళు కుదుటపడ్డాయి. నిచ్చెన మాత్రం వణుకుతూనే ఉంది.

కిందికి చూసింది. వణుకుతున్నవి బావ చేతులు.

"మీతో ఎన్నేళ్ళ నుంచి రాయిస్తున్నారు బావా?"

"అక్కకి తెలియదు," అన్నాడాయన.

ఆమె కాగితం మీద 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టింది.

"దిగుతున్నాను. గట్టిగా పట్టుకోండి."