ఇంజిను ఎందుకాగింది?

"విప్పి చూడు బాబూ. నడవక్కర్లేదు. ఎందుకాగిందో చెప్తే చాలు."

అద్దె ట్రక్కు మీంచి ఇంజిను దింపించి ఆ ముసలాయన అన్న మొదటి మాట అది.

జిన్‌షెంగ్ తార్పాలిన్ లాగి చూశాడు. పాతకాలం చిన్నకారు ఇంజిను. ఒళ్ళంతా తుప్పు, బూజు.

"ఇది తుక్కు కొట్టుకు పోవాల్సిన సరుకు పెద్దాయనా. నేను ఇంటి ముందు ఏదో నా సరదాకి చేసుకునేవాణ్ణి. పూలీ పట్నంలో పెద్ద గ్యారేజీలు లేవా?"

"నీ చేత్తోనే విప్పాలి."

"నా చెయ్యేమన్నా బంగారమా?"

ముసలాయన నవ్వలేదు. అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

పేరు ఆషుయ్ అన్నాడు. కొండ అవతల టీతోటల వైపు అన్నాడు. అంతకు మించి అడిగితే దగ్గే సమాధానం.

జిన్‌షెంగ్ భార్య బీయున్ నెత్తి కొట్టుకుంది.

"చచ్చినవాళ్ళు తిరిగే దయ్యాల నెలలో ఎవరిదో చచ్చిన ఇనుము ఇంట్లోకి తెస్తావా? బుద్ధుందా నీకు?"

"విప్పి చూసి పంపించేస్తాలేవే."

మర్నాటి నుంచి ముసలాయన పొద్దున్నే బస్సు దిగేవాడు. షట్టరు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని, బీయున్ ఇచ్చిన గంజి తాగి, అలాగే చూస్తూ ఉండేవాడు.

"ఈయన చూసేది ఇంజిన్ని కాదు, నిన్ను," అంది బీయున్ గుసగుసగా. "నాకు వెన్నులో చలి పుడుతోంది."

పైమూత ఊడొచ్చిన రోజు ముసలాయన మెల్లగా నోరు విప్పాడు.

"డ్రైవరు తప్పు లేదేమో బాబూ..."

జిన్‌షెంగ్ చేతిలో పానా ఆగింది. ఇదా సంగతి!

"నువ్వు ఎవర్ని గుద్దావో ఏమో, పాపం తెచ్చి ఇంజిను నెత్తిన రుద్దాలని చూస్తున్నావా?"

ముసలాయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"మా నాన్నా అంతే. నిద్రమత్తులో కారు నడిపి బడికెళ్ళే పిల్లను చంపాడు. స్టీరింగ్ తిప్పినా కారు తిరగలేదు, తిప్పినా తిరగలేదు అంటూనే జైల్లో పోయాడు. ఆయన ఫోటో కూడా నా ఇంట్లో ఉండదు."

"నువ్వు నమ్మలేదా?"

"ఊరు నమ్మలేదు, కోర్టు నమ్మలేదు. నేనెందుకు నమ్మాలి?"

"నువ్వు కొడుకువి కదా."

జిన్‌షెంగ్‌కు ఒళ్ళు మండింది. లేచి పొమ్మనబోయాడు. కానీ ముసలాయన అప్పటికే వంగి ఇంజిను అడుగు వైపు వేలు చూపిస్తున్నాడు.

"విప్పు బాబూ," అన్నాడు ఆయన. "కింద వైపు కూడా విప్పు."

విప్పాడు.

అడుగున గడ్డకట్టిన ఆయిల్లో ఒక బోల్టు ముక్క దొరికింది. తుడిచి, వెలుగులో పట్టుకున్నాడు. విరిగిన చోట సగం నలుపు, సగం బూడిద రంగు. నలుపు పాత పగులు. బూడిద రంగు చివరి క్షణంలో తెగింది.

గోరుతో ఆ పగులు గీకి చూశాడు.

"ఏమైంది బాబూ?"

"ఈ బోల్టు ఎప్పుడో లోపల్లోపల పగిలింది. పరుగు మీదుండగా తెగింది. అది బిగించి ఉంచే కనెక్టింగ్ రాడ్ ఊడి అడ్డం పడింది. ఇంజిను టక్కున బిగుసుకుపోయింది."

"బిగుసుకుపోతే?"

"దాంతో అది తిప్పే ముందు చక్రాలూ బిగుసుకుంటాయి. బండి జారుకుంటూ పోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా..."



"చెప్పు. ఎంత తిప్పినా?"

"బండి తిరగదు."

"ఎవరు నడిపినా?"

"ఎవరు నడిపినా అంతే. దేవుడు కూచున్నా తిప్పలేడు."

"ఇంకోసారి చెప్పు బాబూ. నీ నోటితోనే."

జిన్‌షెంగ్ ఇంకోసారి చెప్పాడు.

ముసలాయన చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మళ్ళీ బిగించు. ఒక్కసారి మోగితే విని పోతాను."

బీయున్ చేతిలో ఫోన్ నంబరు పెట్టి బస్సెక్కాడు.

ఆ తర్వాత రాలేదు.

గుండె బరువు దిగింది, ఇక మనతో పనేముంటుంది అనుకున్నాడు జిన్‌షెంగ్. అయినా పని ఆపలేదు. కొత్త రాడ్ వేశాడు, బేరింగులు మార్చాడు. చేత్తో క్రాంకు తిప్పినప్పుడల్లా చెవి పక్కన నాన్న గొంతు. తిరగలేదురా, తిరగలేదురా అని. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

ఒక మధ్యాహ్నం ఇంజిను రెండుసార్లు దగ్గి, అందుకుంది. వీధంతా మోగింది.

ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి దారి చెప్పింది. "రా నాయనా," అంది అంతే.

అది నాన్న ఆఖరిసారి కారు నడిపిన కొండదారి. జిన్‌షెంగ్ పెద్దయ్యాక ఎప్పుడూ అటు పోలేదు.

ఆమె చెప్పిన ఇంటి తలుపు మీద చావింటి గుర్తుగా తెల్ల కాగితం అంటించి ఉంది. లోపల పూల మధ్య ఆషుయ్ ఫోటో.

ఫోటో పక్కన కూచున్న ముసలామె, ఆయన భార్య, అతన్ని చూడగానే లేచింది.

"జిన్‌షెంగ్‌వా? అచ్చం మీ నాన్న పోలికే."

అతనికి అర్థం కాలేదు.

"ఇంజిను మోగిందని చెబుదామని వచ్చానమ్మా. ఆ రోజు కారు నడిపింది ఆయనే కదా?"

"ఆయనకు కారు నడపడమే రాదు నాయనా. అది మీ నాన్న కారు ఇంజిను."

జిన్‌షెంగ్ ఆషుయ్ ఫోటో వైపు తిరిగాడు.

"తుక్కువాడి దగ్గర కొని షెడ్డులో పెట్టాడు. కోర్టులో మీ నాన్న అరిచిన మాట ఆయన చెవిలోంచి పోలేదు. ఇన్నేళ్ళూ తెరిచి చూసే ధైర్యమూ లేకపోయింది. జబ్బు ముదిరాక నిన్ను వెతికాడు."

"ఏ మెకానిక్కైనా చెప్పేవాడే కదమ్మా... నా దగ్గరికే ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. మన పిల్ల ఎలాగూ తిరిగి రాదు, ఆ అబ్బాయికి వాళ్ళ నాన్ననైనా తిరిగిచ్చి పోతానన్నాడు," అంది ఆమె, ఆషుయ్ ఫోటో పక్కనే బడిటోపీలో నవ్వుతున్న చిన్నపిల్ల ఫోటో ముందు అగరొత్తి గుచ్చుతూ.