మూడో పిలుపు

పులికాట్ ఒడ్డున రొయ్యల ఆఫీసులో కోమలి రాత్రిపూట ఒక్కతే కూర్చుని ఉంది. మొగుడు గిరి పడవ ఇంకా తిరిగి రాలేదు. ఎవరిదో తెలియని చిరునామా నుంచి ఆమె ఫోనుకి మెయిల్ వచ్చింది. అందులో ఒకటే మాట: “కోమలీ.”

బ్లాక్ చేసింది. వెంటనే ఇంకో చిరునామా నుంచి అదే మాట వచ్చింది.

“ఎన్ని పేర్లతో వస్తావో రా, సూస్తా!” అంటూ, తన పేరున్న మెయిలేదీ లోపలికి రాకుండా ఫిల్టర్ పెట్టేసింది. ఫోను మూగబోయింది. సరస్సు మీద పక్షుల సద్దూ ఆగిపోయింది.

అప్పుడు తలుపవతల గిరి గొంతు వినిపించింది. “కోమలీ!”

గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. “రాత్రిపూట ఎవురు పిలిసినా మూడోసారికి గానీ పలకబాకు మే. దెయ్యం మూడుసార్లు పిలవదు,” అనేది అవ్వ గంగులమ్మ.

ఇది మూడో పిలుపా, మొదటిదా?

మెయిళ్లు లెక్కలోకి రావని మనసు గట్టి చేసుకుంది. ఇంకా రెండు పిలవాలి.

రెండోది ఆమె వీపు వెనకనుంచి వచ్చింది.